బీఎమ్‌డబ్ల్యూ ఎం5, ఏడు తరాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎం5 అంటే బీఎమ్‌డబ్ల్యూ ఫైవ్ సిరీస్ కారుకి బాగా వేగమైన రూపం. దాని మాట వస్తే చాలు, ఎవరికి నచ్చిన తరాన్ని వాళ్లు ఆకాశానికెత్తేసి మిగతావాటిని తీసిపారేస్తుంటారు. నాకది అన్యాయం అనిపిస్తుంది. ప్రతి తరమూ దాని ముందుది ఎక్కడ ఆగిపోయిందో అక్కడి నుంచే పుట్టింది. ఆ వరుస ఒకసారి పట్టుకుంటే ఇంజిన్ ఎందుకు మారుతూ వచ్చింది, మాన్యువల్ గేర్ ఎందుకు పోయింది, బరువు ఎందుకింత పెరిగింది అనేవన్నీ ఒకదాని వెంట ఒకటి అర్థమైపోతాయి. అందుకే ఎక్కువమంది అడిగే ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టి జవాబులు రాస్తున్నాను. పవర్ అంకెలన్నీ జర్మన్ హార్స్‌పవర్ లెక్కలో, అంటే పీఎస్‌లో ఉంటాయి. ఈ28, ఎఫ్10, జీ90 లాంటివి ఒక్కో తరానికి కంపెనీ పెట్టుకున్న కోడ్ పేర్లు.

ఎం బ్యాడ్జీ ఉన్న ప్రతి ఫైవ్ సిరీస్ ఎం5 యేనా?

కాదు. ఎం స్పోర్ట్ ప్యాకేజీ అంటే బంపర్లు, స్టీరింగ్, చక్రాలు, కాస్త గట్టి సస్పెన్షన్, అంతే. లోపల మామూలు 520డీ ఇంజిన్ ఉన్నా ఆ ప్యాకేజీ వేయించుకోవచ్చు. ఎం550ఐ లాంటివి మధ్యరకం, మంచి వేగమైన బళ్లే కానీ ఎం5లు కావు. ఎం5లో ఇంజిన్, డిఫరెన్షియల్, బ్రేకులు, సస్పెన్షన్ అన్నీ ఎం విభాగం చేతుల్లో తయారైనవో, లేదా వాళ్లు బాగా మార్చినవో అయి ఉంటాయి. 1972లో బీఎమ్‌డబ్ల్యూ రేసుల కోసం పెట్టుకున్న మోటర్‌స్పోర్ట్ కంపెనీయే తర్వాత ఈ ఎం విభాగం అయింది.

మొదటి ఎం5 ఏది? ఎం535ఐ కూడా ఎం5 లెక్కలోకి వస్తుందా?

1980లో వచ్చిన ఎం535ఐ (ఈ12 బాడీ) ఎం5కి ముందు మెట్టు. అప్పటి పెద్ద బీఎమ్‌డబ్ల్యూల్లో వాడే 3.5 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్ అందులో పెట్టారు, 218 పీఎస్ వచ్చేది. ఐడియా అదే, కానీ ఇంజిన్ రేసింగ్ నుంచి వచ్చింది కాదు.

అసలు ఎం5 పేరుతో వచ్చిన మొదటిది ఈ28. 1985 ఫిబ్రవరిలో ఆమ్‌స్టర్‌డామ్ మోటర్ షోలో చూపించారు.

ఈ28లో అంత గొప్పేముంది? ఇప్పుడు 286 పీఎస్ అంటే పెద్ద లెక్కే కాదు కదా?

ఇప్పటి కళ్లతో చూస్తే నిజమే. కానీ ఆ ఇంజిన్ ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. ఎం1 అని బీఎమ్‌డబ్ల్యూ 1970ల చివర్లో ఒక సూపర్‌కార్ చేసింది, ఇంజిన్ సీట్ల వెనకాల ఉండే బండి. దానికోసం పాల్ రోషే బృందం తయారుచేసిన 24 వాల్వుల ఆరు సిలిండర్ల ఇంజిన్‌నే కొంచెం మార్చి, నలుగురు హాయిగా కూర్చుని డిక్కీ నిండా సామాను వేసుకుని పోయే సెడాన్‌లో బిగించారు. 3,453 సీసీ, ఒక్కో సిలిండర్‌కి విడిగా ఒక్కో థ్రాటిల్ (గాలిని లోపలికి వదిలే తలుపు). 0 నుంచి 100 కిలోమీటర్ల వేగానికి 6.5 సెకన్లు, టాప్ స్పీడ్ 245. ఆ రోజుల్లో ఇంత వేగంగా పోయే సెడాన్ ఇంకోటి తయారవడం లేదు.

నాకు ఇందులో అన్నిటికంటే నచ్చేది దాని రూపం. బయట నుంచి చూస్తే ఆఫీసుకెళ్లే పెద్దమనిషి బండిలాగే ఉంటుంది, పెద్ద రెక్కల్లేవు, ఉబ్బిన ఫెండర్లు లేవు. ముందు గ్రిల్‌లో, వెనకాల మూత మీద చిన్న బ్యాడ్జీ, అంతే తేడా. మోటర్‌స్పోర్ట్ వాళ్లు చేత్తో బిగించేవాళ్లు కాబట్టి మొత్తం తయారైనవి రెండు వేల చిల్లరే. బరువు కూడా 1,500 కిలోల లోపే. ఈ బరువు గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

అమెరికాలో అమ్మిన ఈ28కి పొగ నిబంధనల వల్ల పవర్ 260 పీఎస్‌కి తగ్గింది. నిబంధనలు ఎం5ని మార్చడం కొత్తగా ఇప్పుడు మొదలైంది కాదు, మొదటి తరంలోనే ఉంది.

ఈ34 గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరెందుకు?

ముందున్నది మొదటి ఎం5, వెనకున్నది వీ8 (ఎనిమిది సిలిండర్లు వీ ఆకారంలో ఉండే ఇంజిన్) ఎం5, మధ్యలో పడి నలిగిపోయింది పాపం. 1988లో 3.6 లీటర్లు, 315 పీఎస్‌తో మొదలైంది, యూరప్‌లో 1992లో 3.8 లీటర్లకి పెంచి 340 పీఎస్ చేశారు, చివర్లో ఆరో గేరు కూడా ఇచ్చారు. చేత్తో బిగించిన చివరి ఎం5 ఇదే.

దీని చక్రాలు దగ్గరగా చూడాల్సిన వస్తువు. మామూలు అల్లాయ్ వీల్ మీద మెగ్నీషియంతో చేసిన ఫ్యాన్ రెక్కల్లాంటి తొడుగు విడిగా బిగించి ఉంటుంది. చక్రం తిరిగే కొద్దీ ఆ రెక్కలు గాలిని కదిలించి బ్రేకుల వేడిని బయటికి లాగేస్తాయి. దూరం నుంచి చూసినవాళ్లు ఏదో పాతకాలం వీల్ క్యాప్ అనుకుని పోతుంటారు.

ఆరు సిలిండర్ల ఇంజిన్ మాత్రం ఇక్కడికొచ్చేసరికి అంచుకి చేరింది. టర్బో (పొగ బలంతో ఇంజిన్‌లోకి ఎక్కువ గాలిని తోసే పరికరం) లేకుండా లీటరుకి దాదాపు 90 పీఎస్ పిండుతున్నారు, అదే ఇంజిన్‌ని ఇంకా పెద్దది చేయడానికి లోపల చోటు లేదు. ఈలోపు 1990లో మెర్సిడెస్ 5 లీటర్ల వీ8తో 500ఈ తెచ్చింది, తయారీలో పోర్షే చేయి వేసింది. కింది ఆర్‌పీఎంలో వీ8 ఇచ్చే లాగుడు ముందు ఎంత గొప్ప సిక్స్ అయినా గేర్లు మార్చుకుంటూ పరిగెత్తాల్సిందే.

ఈ39 అంటే అందరికీ ఎందుకంత ప్రేమ?

ఒక్క కారణం కాదు, అన్నీ ఒకేసారి కుదిరాయి.

1998లో వచ్చింది. 4,941 సీసీ వీ8, 400 పీఎస్, 500 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే లాగే బలం. టర్బో లేదు, ఎనిమిది సిలిండర్లకి ఎనిమిది థ్రాటిళ్లు, గేర్‌బాక్స్ ఆరు స్పీడుల మాన్యువల్ మాత్రమే, ఆటోమేటిక్ కావాలన్నా ఇవ్వలేదు. పవర్ వెనక చక్రాలకే. మూడో గేరులో నెమ్మదిగా పోతూ కాలు నొక్కితే ఆలోచించుకోకుండా లాగుతుంది, పైదాకా తిప్పితే గొంతు మారి ఇంకో బండి అవుతుంది. ఒకే ఇంజిన్‌లో ఈ రెండు గుణాలూ ఇంత బాగా కలిసిన ఎం5 మళ్లీ రాలేదని నా గట్టి నమ్మకం.

లోపల ఆర్‌పీఎం మీటర్ చుట్టూ చిన్న చిన్న లైట్లు ఉంటాయి. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు నాలుగు వేల పైనుంచి అవన్నీ వెలిగి ఉంటాయి, అంటే అంతకుమించి తిప్పొద్దని. ఆయిల్ వేడెక్కుతుంటే ఒక్కోటీ ఆరిపోతూ అసలు రెడ్‌లైన్ దాకా దారి వదులుతాయి. ఇంజిన్‌ని ఎలా చూసుకోవాలో బండే డ్రైవర్‌కి చెబుతోందన్నమాట. ఇలాంటి చిన్న పనుల్లోనే చేసినవాళ్ల శ్రద్ధ కనిపిస్తుంది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. వీ8కి చోటు కావాలి కాబట్టి చిన్న ఫైవ్ సిరీస్‌లలో ఉన్న ర్యాక్ స్టీరింగ్ పెట్టలేకపోయారు, పాత పద్ధతి రీసర్క్యులేటింగ్ బాల్ స్టీరింగ్ వాడారు. మధ్యలో కాస్త మొద్దుగా ఉంటుంది. దీన్ని చేత్తో కాకుండా డింగాల్ఫింగ్ ఫ్యాక్టరీలో మామూలు ఫైవ్ సిరీస్‌లతో పాటే తయారుచేశారు, అందుకే ఇరవై వేలకు పైగా వచ్చాయి. అలా చేస్తే ప్రత్యేకత పోతుందని అప్పట్లో కొందరు గొణిగారు, నడిపాక ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

ఈ60లో ఉన్నది నిజంగా ఫార్ములా వన్ ఇంజినేనా?

లేదు. ఒక్క పార్టు కూడా ఇందులోదాన్ని అందులో పెట్టలేరు. ఫార్ములా వన్‌ది 3 లీటర్ల వీ10, కొన్ని రేసులకే పుట్టిన ఇంజిన్. ఎం5ది 5 లీటర్ల వీ10, రోజూ నడవాల్సిన ఇంజిన్. కానీ చుట్టరికం ఉత్త అబద్ధమూ కాదు. 2000 నుంచి 2005 దాకా బీఎమ్‌డబ్ల్యూ విలియమ్స్ జట్టుకి వీ10 ఇంజిన్లు ఇచ్చింది, ఆ ఇంజిన్ల పోతపని జరిగిన లాండ్స్‌హూట్ ఫౌండ్రీలోనే ఈ ఎం5 ఇంజిన్ బ్లాకులూ పోశారు. చిత్రమేంటంటే ఈ60 రోడ్డెక్కిన మరుసటి ఏడాదే, 2006లో, ఫార్ములా వన్ వీ8కి మారిపోయింది.

507 పీఎస్, 8,250 ఆర్‌పీఎం దాకా తిరుగుతుంది, 100 కిలోమీటర్ల వేగానికి 4.7 సెకన్లు. స్టార్ట్ చేసినప్పుడు 400 పీఎస్ మాత్రమే ఇస్తుంది, మిగతా 107 కావాలంటే బటన్ నొక్కాలి. ఆ 400 అంటే ఈ39 మొత్తం పవర్! ముందు తరం శక్తినంతా ట్రాఫిక్‌లో వాడుకోడానికి ఇచ్చేసి, అసలుది బటన్ వెనకాల దాచారు.

ఇంజిన్‌గా చూస్తే ఎం5 చరిత్రలో ఇంతకంటే ఉత్తేజం కలిగించేది ఇంకోటి లేదు. కానీ 520 న్యూటన్ మీటర్ల గరిష్ఠ టార్క్ 6,100 ఆర్‌పీఎం దగ్గర వస్తుంది. అంటే ఆ ఇంజిన్ మజా తెలియాలంటే ఎప్పుడూ పైనే తిప్పుతుండాలి, తిప్పితే పెట్రోలు తాగేస్తుంది, 70 లీటర్ల ట్యాంకు ఏ మూలకీ సరిపోదు. ఎవరైనా నాకు ఈ60 మైలేజీ ఎంతని అడిగితే, ఆ ప్రశ్న అడిగేవాళ్లకి ఈ బండి సరిపడదనే చెబుతాను.

ఈ60లోని ఎస్ఎమ్‌జీ గేర్‌బాక్స్ నిజంగా అంత ఘోరమా?

నెమ్మదిగా పోయేటప్పుడు, అవును. అది అసలు ఆటోమేటిక్ కాదు, మాన్యువల్ గేర్‌బాక్స్‌కే హైడ్రాలిక్ పంపుతో క్లచ్ నొక్కించి గేరు మార్పించే ఏర్పాటు. ఒకే క్లచ్ కాబట్టి గేరుకీ గేరుకీ మధ్య లాగుడు తెగిపోతుంది, తలలు ముందుకీ వెనక్కీ ఊగుతాయి. మాన్యువల్ నడిపినట్టే గేరు పడే క్షణంలో యాక్సిలరేటర్ మీద కాలు కొంచెం తేలిస్తే చాలావరకు సర్దుకుంటుంది. కాలు పూర్తిగా నొక్కి పట్టుకుని పోయేటప్పుడు మాత్రం అదే గేర్‌బాక్స్ అద్భుతం. ఉత్తర అమెరికా కస్టమర్లు పట్టుబట్టి ఆరు స్పీడుల మాన్యువల్ సాధించుకున్నారు, మిగతా ప్రపంచానికి అది దక్కలేదు.

టర్బో ఎందుకు పెట్టారు? అంత మంచి వీ10ని ఎందుకు వదిలేశారు?

పైన చెప్పిన పెట్రోలు దాహమే మొదటి కారణం, పొగ నిబంధనలు రెండోది. 2011లో వచ్చిన ఎఫ్10లో 4.4 లీటర్ల వీ8కి రెండు టర్బోలు పెట్టారు, 560 పీఎస్, 680 న్యూటన్ మీటర్లు. ఆ టార్క్ 1,500 ఆర్‌పీఎం నుంచే మొత్తంగా వచ్చేస్తుంది. వీ10లో 6,100 దాకా ఆగాల్సిన చోట ఇక్కడ కాలు ఆనించగానే అంతకంటే ఎక్కువ దొరుకుతుంది.

ఇంజినీరింగ్ కూడా తక్కువదేం కాదు. టర్బోలు రెండూ వీ ఆకారం మధ్యలోని పల్లంలో కూర్చుంటాయి. ఒక వైపు సిలిండర్ల పొగని, రెండో వైపు సిలిండర్ల పొగని జత కలిపి పంపే ప్రత్యేకమైన మ్యానిఫోల్డ్ ఉంటుంది, దానివల్ల టర్బోకి పొగ తోపులు సమానమైన వ్యవధిలో అందుతాయి, కాలు నొక్కాక పవర్ ఆలస్యంగా వచ్చే ల్యాగ్ తగ్గుతుంది. గేర్‌బాక్స్ రెండు క్లచ్‌ల ఏడు స్పీడులది, ఎస్ఎమ్‌జీ కుదుపుల బాధ తీరింది.

పోయింది ఒక్కటే, శబ్దం.

స్పీకర్లలోంచి ఇంజిన్ సౌండ్ వస్తుందట, నిజమేనా?

నిజమే. ఎఫ్10లో ఇంజిన్ శబ్దానికి తోడుగా లోపలి స్పీకర్లు కూడా శబ్దం కలుపుతాయి. టర్బో శబ్దాన్ని మింగేస్తుంది, క్యాబిన్‌కి సౌండ్ ఇన్సులేషన్ ఎక్కువైంది, ఆ లోటు పూడ్చడానికి చేసిన పని. నాకిది అస్సలు నచ్చదు. ఎం5 అనే పేరు నిలబడిందే ఇంజిన్ మీద, దాని గొంతుని లౌడ్‌స్పీకర్‌కి అప్పగించకుండా ఉండాల్సింది. అదే బండిలో స్టీరింగ్ మాత్రం, మామూలు ఫైవ్ సిరీస్ ఎలక్ట్రిక్‌కి మారినా, హైడ్రాలిక్‌దే ఉంచారు. దాని గురించి మెచ్చుకున్నవాళ్లు తక్కువ.

నాలుగు చక్రాలకీ పవర్ ఇచ్చాక అది ఎం5 ఎలా అవుతుంది?

ఎఫ్90 వచ్చిన 2017లో ఈ గొడవ చాలా నడిచింది. ఎఫ్10ని వాన పడ్డ రోడ్డు మీద నడిపినవాళ్లని అడగండి, జవాబు వాళ్లే చెబుతారు. 680 న్యూటన్ మీటర్లు 1,500 ఆర్‌పీఎంకే వెనక చక్రాల మీద పడితే రెండో గేరులో, మూడో గేరులో కూడా టైర్లు జారతాయి, కంప్యూటర్ పవర్ కోసేస్తుంది. ఇంజిన్ ఇచ్చేది రోడ్డుకి చేరకపోతే ఉండీ ఏం లాభం? ఎఫ్90లో టార్క్ 750కి పెరిగింది, ఇక రెండు చక్రాలతో నెగ్గుకురావడం కుదరని పని.

చేసిన పద్ధతి మాత్రం మెచ్చుకోవాలి. మామూలుగా వెనక చక్రాలకే ఎక్కువ మొగ్గు, అవసరమైతేనే ముందు చక్రాలకి పంపుతుంది. స్టెబిలిటీ కంట్రోల్ పూర్తిగా ఆపేస్తే 2డబ్ల్యూడీ మోడ్ దొరుకుతుంది, అప్పుడిది పక్కా వెనక చక్రాల బండి. రెండు క్లచ్‌ల గేర్‌బాక్స్ తీసేసి ఎనిమిది స్పీడుల మామూలు ఆటోమేటిక్ పెట్టారు, ఈ టార్క్‌కి అదే తట్టుకుంటుంది, ట్రాఫిక్‌లోనూ అదే నయం. 600 పీఎస్, 3.4 సెకన్లు.

ఎం5 సీఎస్ స్పెషల్ ఏంటి?

2021లో వచ్చిన ఎఫ్90 చివరి రూపం. 635 పీఎస్, కాంపిటీషన్ మోడల్ (మామూలు ఎఫ్90 కంటే పవర్ పెంచిన రకం) కంటే దాదాపు 70 కిలోలు తక్కువ బరువు, 100కి 3 సెకన్లు, వెనక బెంచీ బదులు రెండు విడి బకెట్ సీట్లు. అంకెల్లో తేడా కొంచెమే, కానీ నడక మొత్తం మారిపోయింది. ఈ మధ్యకాలం ఎం5లలో నా ఓటు దీనికే. బరువు తగ్గించిన ఎం5 రావడం ఎంత అరుదో ఆలోచిస్తే ఆ ఓటుకి కారణం తెలుస్తుంది.

కొత్త జీ90 అంత బరువెందుకు? పవర్ ఎక్కువై, వేగం తక్కువా?

ఇప్పుడు అందరూ అడిగేది ఇదే, జనం కోప్పడడంలోనూ న్యాయముంది.

2024లో వచ్చిన జీ90 ప్లగ్ ఇన్ హైబ్రిడ్. 4.4 లీటర్ల వీ8 585 పీఎస్ ఇస్తుంది, గేర్‌బాక్స్ లోపల కూర్చున్న ఎలక్ట్రిక్ మోటర్ 197 పీఎస్ ఇస్తుంది, రెండూ కలిసి పనిచేస్తే 727 పీఎస్, 1,000 న్యూటన్ మీటర్లు. బండి బరువు 2,435 కిలోలు. ఎఫ్90 1,855 కిలోలుండేది, అంటే ఒక్క తరంలో ఐదు వందల కిలోలకు పైగా పెరిగింది. ఈ28 పక్కన నిలబెట్టి చూస్తే దాని మీద ఇంకో చిన్న కారు ఎక్కించినంత తేడా. అందుకే 727 పీఎస్ ఉండీ 100 చేరడానికి 3.5 సెకన్లు పడుతుంది, ముందు తరం కాంపిటీషన్ మోడల్ 3.3లో చేరేది.

మరి ఎందుకు చేశారంటే, యూరప్‌లో ఒక కంపెనీ అమ్మే బళ్లన్నిటి సగటు కార్బన్ డయాక్సైడ్ మీద పరిమితి ఉంది, దాటితే జరిమానా. ఇంత పెద్ద వీ8ని అమ్మకాల్లో ఉంచాలంటే పక్కన బ్యాటరీ పెట్టడం తప్ప వేరే దారి చాలా తక్కువ. నాలుగు సిలిండర్లకి దిగిపోవడం ఒక దారి, మెర్సిడెస్ ఏఎమ్‌జీ సీ63లో అదే చేసింది, కొనేవాళ్లు ముఖం తిప్పేసుకున్నారు. ఆ రెండిట్లో వీ8 ఉంచుకుని బరువు మోయడమే మేలని నేనంటాను.

నడిపేటప్పుడు బరువు తెలియకుండా వెనక చక్రాలు కూడా తిరిగే ఏర్పాటు చేశారు, ముందు చక్రాల దగ్గర వెడల్పు పెంచారు. మలుపుల్లో అది పనిచేస్తుంది. బ్రేకు తొక్కినప్పుడు మాత్రం రెండున్నర టన్నులు రెండున్నర టన్నులే, టైర్లూ బ్రేకులూ త్వరగా అరుగుతాయి, దానికి ఏ సాఫ్ట్‌వేరూ మందు వేయలేదు. ఇంకోవైపు బ్యాటరీ మీదే 60 కిలోమీటర్లకు పైగా, 140 వేగం దాకా చడీచప్పుడూ లేకుండా పోతుంది. పిల్లల్ని స్కూల్లో దింపొచ్చేటప్పుడు వీధిలో ఎవరి నిద్రా చెడదు.

ఎం5లో ఎస్టేట్ బండి, అంటే టూరింగ్, ఎన్నిసార్లు వచ్చింది?

మూడుసార్లే. ఈ34లో తొమ్మిది వందల లోపు, ఈ61 పేరుతో వీ10లో వెయ్యి పైచిలుకు, ఇప్పుడు జీ99. ఈ39కి ప్రయోగంగా ఒకటి చేసి వదిలేశారు, ఎఫ్10, ఎఫ్90లకి అసలు లేదు. ఇన్నేళ్లూ ఆ చోటంతా ఆడీ ఆర్‌ఎస్6కి వదిలేశారు.

టాప్ స్పీడ్ 250 దగ్గరే ఎందుకు ఆగుతుంది?

జర్మన్ కంపెనీలు తమలో తాము పెట్టుకున్న ఒప్పందం, చట్టం కాదు. ఈమధ్య తరాల్లో ఎం డ్రైవర్స్ ప్యాకేజీ తీసుకుంటే 305 దాకా వదులుతారు.

మాన్యువల్ మళ్లీ వస్తుందా?

రాదనే నా అంచనా. చివరిసారి ఎఫ్10లో, అదీ ఉత్తర అమెరికాకే ఇచ్చారు. 1,000 న్యూటన్ మీటర్లు తట్టుకునే క్లచ్ పెడితే ఎడమకాలు రోజూ వ్యాయామం చేయాలి, పైగా ఎలక్ట్రిక్ మోటర్ ఉన్నది గేర్‌బాక్స్ లోపలే. మాన్యువల్ కావాలంటే ఎం3 సెడాన్‌లో మామూలు మోడల్ చూడండి, ఎం5లో ఆ తలుపు మూసేశారు.

పాత ఎం5 కొనాలనుంది. ఏది కొనాలి, ఏం చూడాలి?

ఒక్కటే బండి ఉంచుకునేవాళ్లైతే ఈ39, లేదా ఎఫ్90. మొదటిది మనసుకి, రెండోది రోజూ తిరగడానికి.

ఈ39లో వీ8 ముందు భాగం నుంచి చల్లగా ఉన్నప్పుడు గలగలమనే చప్పుడు ఎంతసేపు వస్తుందో వినండి. స్టార్ట్ అయ్యాక కాసేపుండి పోతే ఫర్వాలేదు. పోకుండా అలాగే ఉంటే వాల్వుల టైమింగ్ మార్చే వ్యానోస్ యూనిట్‌కో, టైమింగ్ చెయిన్ గైడ్‌లకో పని ఉందని అర్థం, ఇంజిన్ ముందుభాగమంతా విప్పాలి. అమ్మేవాళ్లు ముందే వేడి చేసి చూపిస్తే ఆ రోజుకి వెనక్కి వచ్చేసి, చల్లగా ఉన్నప్పుడు మళ్లీ వెళ్లండి.

ఈ60 మీద మనసు పడితే నేను ఆపను, ఆ ఇంజిన్‌లాంటిది ఇక రాదు కాబట్టి ఎందుకు కావాలనిపిస్తుందో నాకు తెలుసు. కానీ కనెక్టింగ్ రాడ్ బేరింగులు ఎప్పుడు మార్చారో కాగితం అడగండి. షాఫ్ట్‌కీ బేరింగుకీ మధ్య సందు మరీ తక్కువగా ఉండటం, దానికి 10డబ్ల్యూ-60 లాంటి చిక్కటి ఆయిల్ తోడవడం వల్ల చల్లటి ఇంజిన్‌ని గట్టిగా తిప్పితే అవి అరిగిపోతాయని దీని మీద పనిచేసే మెకానిక్‌లలో ఎక్కువమంది చెబుతారు. అరిగినా ముందుగా ఏ చప్పుడూ చేయకపోవచ్చు, చప్పుడు వినపడేసరికి క్రాంక్ షాఫ్ట్ కూడా పోయి ఉంటుంది. కాగితం లేకపోతే మార్చలేదనే లెక్కేసుకుని ఆ ఖర్చు బేరంలోనే తగ్గించమనండి. థ్రాటిల్ యాక్చువేటర్లు, ఎస్ఎమ్‌జీ పంపు కూడా చూడాల్సినవే. కొన్న తర్వాత ఆయిల్ ఉష్ణోగ్రత పూర్తిగా పైకొచ్చేదాకా ఆ 107 పీఎస్ బటన్ జోలికి వెళ్లకండి.